పెద్దమ్మ కోడి

పాలవంకలో కోళ్లు పెంచుకోమని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది సాహితే. రెండేళ్ల కిందట, ఉద్యోగంలో చేరిన కొత్తలో. రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకురాలు అనే మాటకు ఊళ్లో ఎవరికీ నోరు తిరగలేదు. ప్రభుత్వమిచ్చిన కోడిపిల్లల్ని అట్టపెట్టెల్లో సర్దుకొని స్కూటీ మీద దిగిన రోజే ఆమెకు 'కోళ్ల మేడమ్' అని పేరు పెట్టేశారు. "ఇంట్లో నాలుగు పెట్టలుంటే పిల్లోళ్లకు రోజూ తాజా గుడ్డు. మేతకు మీరు పెట్టే ఖర్చేముంది, దిబ్బలో పురుగులు, నేలరాలిన జొన్నలు," అని ప్రతి గడపలోనూ అదే పాట పాడింది. శనగ చేలల్లోకి కూలికి పోయే ఆడవాళ్లు తలా నాలుగు తీసుకున్నారు. నిజంగానే గుడ్లు వచ్చాయి. ఊరు ఆమెను నమ్మింది.

నమ్మినవాళ్ల దగ్గరికే ఆ మాఘమాసంలో మళ్లీ పోవలసి వచ్చింది. ఊరి బయట, కోయిలకుంట్ల రోడ్డు పక్కనున్న కోళ్లఫారంలో మూడు రోజుల్లో వందల కోళ్లు చచ్చాయి. నమూనాలు పంపితే బర్డ్ ఫ్లూ అని తేలింది. ఫారం చుట్టూ కిలోమీటరు లోపల ఒక్క కోడి కూడా మిగలకూడదని ఉత్తర్వు వచ్చింది. పాలవంక మొత్తం ఆ కిలోమీటరులోకే వస్తుంది. పెంచమని చెప్పిన నోటితోనే పట్టివ్వమని చెప్పాలి. గవర్నమెంటు వాళ్లకు ఇంకో మనిషి దొరకలేదు.

సాహితి అద్దెకుండేది నాగలక్ష్మమ్మ ఇంట్లో. పాత మట్టిమిద్దె, ముందర నాపబండలు పరిచిన వాకిలి, వెనక పెరడు. నాగలక్ష్మమ్మకు డెబ్బై దగ్గరపడ్డాయి. ఇద్దరు కూతుళ్లూ పక్క ఊళ్లలోనే ఉన్నారు, వారానికొకతె వచ్చి తల్లితో తగువేసుకొని పోతుంది. సాహితి ఆమెను అవ్వా అని పిలుస్తుంది. అద్దె మాట్లాడుకున్న రోజు గుడ్డు మాటే రాలేదు గానీ, చేరిన మర్నాటి నుంచీ ఆ పిల్ల క్యారియర్‌లో ఒక ఉడకబెట్టిన గుడ్డు ఉండేది. వద్దంటే నాగలక్ష్మమ్మకు వినపడేది కాదు. ఆమె చెవుడు ఆమెకు కావలసినప్పుడు వచ్చి, అక్కర్లేనప్పుడు పోతుంది.

సోమవారం పొద్దున సాహితి లెక్క రాసుకోవడానికి ఊళ్లోకి పోయింది. మొదటి ఇంట్లో అయిదు కోళ్లుంటే అయిదింటి కాళ్లకూ పసుపు దారాలున్నాయి. రెండో ఇంట్లోనూ అంతే. నాలుగో ఇంటికి పోయేసరికి సంగతి తెలిసిపోయింది. ఉగాది పోయాక మూడో మంగళవారం పెద్దమ్మ జాతర. అమ్మకు మొక్కుకున్న కోడికి దారం కడతారు. దారం కట్టిన కోడిని కొయ్యరు, అమ్మరు, ఇంకొకరికి ఇవ్వరు. కట్టని కోడి ఊళ్లో ఒక్కటీ లేకుండా ఒక్క రాత్రిలో కట్టేశారు. పెద్దమ్మకు ఏనాడూ ఇన్ని కోళ్లు మొక్కుపడి ఉండవు. చర్చి వీధిలో దారాలు లేవు. అక్కడ సంఘపెద్ద ఏసేపు భార్య కృపమణి కోళ్లగంపకు అడ్డంగా నిలబడి, "ఇవి పంటల పండగకు దేవునికని తీసి పెట్టినవి మేడమ్," అంది. ఆ రోజు అమ్మకూ ప్రభువుకూ కోళ్ల విషయంలో పోటాపోటీగా ఉంది.

సాహితి ఇదంతా మండలం పశువుల డాక్టరుకు ఫోనులో చెప్పింది. ఆయన నెమ్మదైన మనిషి. కాసేపు నవ్వి, "దేవునిదైనా దెయ్యానిదైనా జబ్బు జబ్బే కదమ్మా. లెక్క రాయి," అన్నాడు. ఆమె రాసింది. నాగలక్ష్మమ్మ పేరుకు ఎదురుగా ఏడు అని రాసింది.

బుధవారం టీమ్ దిగింది. అందరికీ తెల్లటి సూట్లు, కళ్లకు అద్దాలు, మూతికి మాస్కులు, రెండేసి జతల గ్లవ్స్. ఎండ ఇంకా ముదరలేదు గానీ ఆ సూటులో ఒళ్లు ఉడికిపోయింది. సాహితి కోడిని పట్టి ఇవ్వాలి, జయకుమార్ అనే పక్క మండలం సహాయకుడు మెడ తిప్పాలి, మూడో మనిషి సంచిలో వేయాలి. మొదటి పది కోళ్ల వరకూ ఆమె కళ్లు పక్కకు తిప్పుకుంది. ఇరవై దాటాక తిప్పుకోలేదు. మధ్యాహ్నానికి జయకుమార్ చేతులు పట్టేస్తే, "ఇటియ్యండి," అని తనే ఆ పని అందుకుంది. ఎలా చేయాలో శిక్షణలో చూపించారు. చేతులకు గుర్తుంది.

కృపమణి కోళ్లగంప తనే తెచ్చి ముందర పెట్టింది. సూటుల్లో అందరూ ఒకే తీరుగా ఉంటే ఒక్కొక్కరినే పరకాయించి చూసింది.

"నువ్వేనా మేడమ్?" అని అడిగింది.

"నేనే."

"గొంతు అట్లే ఉండాది," అని మాత్రం చెప్పి కృపమణి లోపలికి పోయింది. తిట్టి ఉంటే బాగుండేదని సాహితి తర్వాత అనుకుంది. అప్పుడు మాత్రం ఏమీ అనుకోలేదు. తర్వాతి ఇంటికి పోయింది.

ఊరంతా అయ్యాక చివర నాగలక్ష్మమ్మ ఇల్లు. అప్పటికి మూడు వందల అయిదు. ఆమె వాకిట్లో కూర్చొని ఉంది, కాళ్లు కట్టిన కోళ్లు పక్కన. సాహితి చూసింది. ఆరు.

"ఇంగోటి?"

"చుక్కల పెట్టా? మొన్న పిల్లి ఎత్తుకపాయె."

పెరిగిన పెట్టను ఎత్తుకుపోగల పిల్లి పాలవంకలో లేదు. సాహితి కాగితం కేసి చూసింది, చేతుల కేసి చూసింది. అడిగితే వెతకాలి. వెతికితే దొరుకుతుంది. దొరికితే ఇంకొకటి. ఏడును కొట్టేసి ఆరు అని రాసి, పక్కన సంతకం పెట్టింది. ఆరూ కలిపి మూడు వందల పదకొండు. ఊరి బయట గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చారు. సాయంత్రం డాక్టరు తన సంతకం పెట్టి, పాలవంకలో కోళ్లు సున్నా అని పైకి పంపాడు. ఆ రోజు నుంచి మూడు నెలలు లెక్క. అది పూర్తయితేనే ఊళ్లో మళ్లీ కోడిపిల్ల అడుగుపెడుతుంది.

ఆ రాత్రి నిద్రపట్టదని అనుకుంది. బాగా పట్టింది. మర్నాడూ పట్టింది. నా కోడి కూయకపోతే ఎట్లా తెల్లవారుతుందో చూస్తానని వెనకటికి ఒక ముసలమ్మ అందట. ఒక్క పుంజు కూడా లేని పాలవంకలో చక్కగా తెల్లవారింది. సాహితి లేచింది, స్నానం చేసింది, వీధుల్లో బ్లీచింగ్ చల్లించింది, ఫోటోలు తీసి గ్రూపులో పెట్టింది. మైదుకూరు నుంచి అమ్మ ఫోన్ చేసి ఏం తిన్నావే అంటే, తిన్నది చెప్పింది. రుచి మాత్రం గుర్తులేదు. ఆడవాళ్లు ఎదురుపడితే తలదించుకునేవాళ్లు, ఈమె దించుకోలేదు. సిగ్గు కూడా రాలేదు. పంటికి సూది వేయించుకున్నాక దవడ ఉందో లేదో తెలియనట్టు, ఆమెకు మనిషంతా అలాగే ఉంది. ఏడిస్తే తేలికవుతుందని జయకుమార్ మెసేజ్ పెట్టాడు. సరే అని జవాబిచ్చింది.

అయిదో రోజు, సోమవారం మధ్యాహ్నం, కేంద్రంలో కూర్చొని క్యారియర్ విప్పింది. సంగటి, పప్పు, పక్కన ఒక గుడ్డు. అలవాటుగా తీసి కొరికింది. సగం గొంతు దిగాక మిగిలిన సగం కనపడింది. పచ్చసొన ముదురు రంగులో ఉంది. అంగడి గుడ్డుకు ఆ రంగు రాదు. అంగడిలో గుడ్లు అమ్మడం కూడా ఆపేసి వారమవుతోంది.

నాగలక్ష్మమ్మ కోడిని దాచగలిగింది గానీ గుడ్డును దాచలేకపోయింది. పెట్ట గుడ్డు పెడితే అది ఉడికి ఈ పిల్ల క్యారియర్‌లోకి పోవాలి, అంతే. రెండేళ్లుగా ఆమె చేతికి అదొక్కటే తెలుసు. దొంగతనం చేసి దొరగారికే వాటా పంపినట్టయింది.

సాహితి మిగిలిన సగం కూడా తినేసింది. చేయి కడుక్కుంది. మందుల గదిలోంచి సూటూ మాస్కులూ గ్లవ్సూ ఒక సంచిలో వేసుకొని, కేంద్రానికి తాళం వేసి ఇంటికి పోయింది.

నాగలక్ష్మమ్మ వాకిట్లో శనగలు చెరుగుతోంది.

"యాడుండాదవ్వా?" అని అడిగింది సాహితి.

నాగలక్ష్మమ్మకు వినపడలేదు.

"గుడ్డు తిన్న్యా. పెట్ట యాడుండాది?"

చేట ఆగింది. "గాదెలో," అంది ముసలామె.

సాహితి గదికి అవతలి గోడ పక్కనే పాత జొన్నల గాదె ఉంది. ఇప్పుడెవరూ గాదెల్లో జొన్నలు పోయడం లేదు. అయిదు రోజులుగా గోడవతల గీరుతున్న చప్పుడు ఆమె చెవిన పడుతూనే ఉంది, ఎలకలనుకుంది. అనుకోవాలనుకుంది కాబట్టి అనుకుంది.

"ఎందుకు దాచినావు?"

"అది అమ్మది."

"ఊర్లో అన్నీ అమ్మవే కదా. రాత్రికి రాత్రి దారాలు కట్న్యారు."

"వాళ్లది దొంగ దారం. నేను కట్టింది కార్తీకంలో." నాగలక్ష్మమ్మ చేటలోని శనగల్ని చూస్తూ మాట్లాడింది. "నీకు జొరమొచ్చి, రక్తంలో ఏందో పడిపాయనంటిరి కదా. మీ అమ్మ ఇంగా బస్సులోనే ఉండె. నువ్వు కళ్లు తెరుస్తా ల్యావు. అప్పుడు ఆ పెట్టను నీ తల చుట్టూ మూడు తూర్లు తిప్పి, అమ్మా ఈ పాపను లేపు, జాతరకు దీన్ని నీకిస్తానని మొక్కుకుంటి."

"నాకు చెప్పలేదే."

"మొక్కినోళ్లకు తెలిస్తే చాలు."

జ్వరంలో ఆసుపత్రికి ఆటో ఎక్కించింది ఎవరో, రాత్రంతా తడిగుడ్డ వేసింది ఎవరో సాహితికి తెలుసు. తనకు రావలసిన ఏడుపు కూడా ఆ గోతిలోనే సున్నం కింద పడిపోయిందేమోనని ఒక్క క్షణం అనుకుంది.

"అమ్మకు ఇస్తానన్నది ఇయ్యకపోతే ఊరుకుంటాదా?" అంది నాగలక్ష్మమ్మ. "నన్ను తీస్కపోతానంటే సరే పదమందును. మొక్కింది నీ మీద. నిన్నడుగుతాది."

"అవ్వా, అది బతికుందని తెలిస్తే మూడు నెలల లెక్క మళ్లా మొదటికొస్తాది. ఊర్లో ఎవురికీ కోళ్లు రావు. నేను రాసిచ్చింది అబద్ధమయితాది."

"జాతర దాకా ఓర్చుకో. ఎవురికి తెలుస్తాది?"

ఎవరికి తెలుస్తుంది? సాహితి కూడా అదే ఆలోచిస్తోంది, ఇంకో వైపు నుంచి. డాక్టరుకు చెబితే తన సంతకం పోతుంది, ఆయన సంతకమూ పోతుంది, ముసలామె ఊరి నోట్లో పడుతుంది. చెప్పకుండా ఈ ఒక్కదాన్నీ ముగించేస్తే, కాగితం మీది సున్నా నిజమైపోతుంది. చేతులకు పని తెలుసు. మూడు వందల పదకొండు చేశాక మూడు వందల పన్నెండోది ఎంత పని?

"జాతర దాకా వద్దు. ఇప్పుడే ఇచ్చేద్దాం అమ్మకు," అంది. "ఈడనే పెరట్లో. నీళ్లు నువ్వే పొయ్యి. అమ్మ ఒప్పుకున్నాక మిగతాది నేను చేస్తా. కూర వండేది మాత్రం లేదు. లోతుగా పూడ్చిపెడతా. నీకూ నాకూ తప్ప ఎవురికీ తెలీదు."

నాగలక్ష్మమ్మ చాలాసేపు ఆలోచించింది. మొక్కు ముందే తీర్చడం తప్పు కాదు, ఆలస్యం చేయడమే తప్పు. చివరకు లేచి, చెంబులో నీళ్లు తీసుకొని పసుపు కలిపి, వేపమండ వేసింది. సాహితి సూటు తొడుక్కొని, ఆమెకు కూడా మాస్కు కట్టింది. ముసలామె గాదెలోంచి పెట్టను తెచ్చి పెరట్లో బండ మీద నిలబెట్టింది.

అమ్మకిచ్చే జీవం మీద నీళ్లు పోస్తే, అది ఒళ్లు విదిలించాలి. గొర్రైనా కోడైనా అంతే. విదిలిస్తే అమ్మ తీసుకున్నట్టు. విదిలించేదాకా కత్తి ఎత్తకూడదు. జాతరలో ఒక్కోసారి గంటసేపు నిలబడతారు, నీళ్ల మీద నీళ్లు పోస్తారు, చెవిలో ఊదుతారు, అమ్మకు ఏ లోటు చేశామో తలుచుకొని లెంపలేసుకుంటారు.

నాగలక్ష్మమ్మ చెంబు వంచింది. నీళ్లు పెట్ట వీపు మీద నుంచి జారి బండ మీద పడ్డాయి. పెట్ట కదల్లేదు.

"అమ్మా, పెద్దమ్మా, నీ సొమ్ము తీస్కో తల్లీ." మళ్లీ పోసింది. కోడి తలవంచుకొని అలాగే నిలబడింది. కాలికి కట్టిన దారం తడిసి, పసుపు వెలిసి తెల్లబడింది.

మూడో చెంబు కూడా అయింది. "చూసినావా," అంది నాగలక్ష్మమ్మ మాస్కులోంచి. "అమ్మకిది ఇష్టం ల్యా. జాతరకే కావాలంటాండాది."

సాహితి వంగి చూసింది. నీళ్లు పడితే ఏ కోడైనా విదిలిస్తుంది. అందులో అమ్మ చేసేది ఏముందో ఆమె చదువుకోలేదు గానీ, విదిలించని కోడి గురించి చదువుకుంది. పెట్ట కళ్లు సగం మూసి ఉన్నాయి. తురాయి అంచు నీలం తిరిగింది. గోళ్ల పైన, కాళ్ల మీద ఎర్రటి మచ్చలున్నాయి. ఫారంలో మొదటి రోజు చూపించినవి ఇవే.

"ఎప్పట్నుంచి ఇట్లుండాది?"

"నిన్నట్నుంచి మేత ముట్టల్యా. మొన్న పెట్టిందే ఆ గుడ్డు. చీకట్లో ఉండి బెంగ పెట్టుకున్యాదిలే అనుకుంటి."

"రాత్రి నువ్వు యాడ పండుకున్యావు?"

"దాని పక్కనే," అంది నాగలక్ష్మమ్మ. "సలికి వణుకుతాంటే ఒళ్లో పెట్టుకొనుంటి. ముక్కు కారుతాంటే కొంగుతో తుడిస్తి."

సాహితికి భయమేసింది. అయిదు రోజుల తర్వాత ఆమెకు మొట్టమొదట కలిగింది భయమే. గ్లవ్సులో వేళ్లు వణికాయి, తర్వాత మోకాళ్లు, తర్వాత సూటు మొత్తం చప్పుడు చేస్తూ వణికింది. ఈ ముసలామెకు ఏమన్నా అయితే అనే ఒక్క మాట బుర్రలో తిరుగుతోంది. ఆరు అని రాసిన రోజే వెతికి ఉంటే ఈమె ఈ కోడిని ఒళ్లో పెట్టుకొని ఉండేది కాదు. బండ పక్కన కూలబడి, జేబులోంచి ఫోన్ తీసి డాక్టరుకు కలిపింది. కలిసేలోపే ఫోన్ చేతిలోంచి జారిపోయింది.

నాగలక్ష్మమ్మ ఆమెనే చూస్తోంది. పెట్టను చూసింది, మళ్లీ ఈ పిల్లను చూసింది. చెంబు కింద పెట్టింది.

"సరే," అంది. "మొక్కు ఎవురి మీదనో వాళ్ల ఒంటిమీదనే విదిలింపు చూపిచ్చింది అమ్మ. తీస్కున్యాదిలే."

కింద పడ్డ ఫోన్లోంచి డాక్టరు గొంతు వినిపిస్తోంది. "చెప్పు సాహితీ. హలో?" ముసలామె వంగి ఫోన్ తీసుకొని, మాస్కు మీదనే మూతికి దగ్గరగా పట్టుకుంది.

"సారూ, నేను నాగలక్ష్మమ్మను. పాప ఉండేది మా ఇంట్లోనే. మా ఇంట్లో ఇంగొక కోడి ఉండాది. జబ్బు చేసింది. నేనే గాదెలో దాచిపెట్న్యా. అడిగితే పిల్లి ఎత్తుకపాయెనని చెప్తి. ఈ పాపకు ఏమీ తెలీదు. పాపను ఏమీ అనొద్దండి."

సాహితి లేచింది. ముసలామె చేతిలోంచి ఫోన్ తీసుకోబోతే ఆమె ఇవ్వలేదు, గట్టిగా లాక్కోవలసి వచ్చింది.

"తెలుసు సార్," అంది. "రాసేటప్పుడే తెలుసు. ఏడుంటే ఆరని రాసినా. చెకప్పుకు అవ్వను ముందు తీస్కపోవాల, నన్ను తర్వాత."

ఇద్దరూ ఇల్లు కదలొద్దనీ, ఎవరినీ లోపలికి రానివ్వొద్దనీ, అంబులెన్సు పంపుతున్నాననీ చెప్పి డాక్టరు పెట్టేశాడు.

సాహితి పెట్ట మీద గంప బోర్లించింది. పెరటి తలుపు గడియ పెట్టి, సబ్బు తెచ్చి, నాగలక్ష్మమ్మను కూర్చోబెట్టి ఆమె చేతులు మోచేతుల దాకా రుద్ది కడగడం మొదలుపెట్టింది. కడుగుతుండగా ఏడుపొచ్చింది. మాస్కు తడిసిపోయింది. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"నా మాటకు అడ్డమెందుకొస్తివి?" అంది నాగలక్ష్మమ్మ. "ఉద్యోగం పోతే ఏం తింటావు?"